ఉగ్గుగిన్నెలో ఏముంది? ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా పసిపిల్లల ఆహారం

ఎనిమిది నెలల బిడ్డకు అన్నం పెట్టే వేళ మన ఇళ్లలో ఒక పద్ధతి తరతరాలుగా నడుస్తోంది. పప్పు ఉడికాక గిన్నెను కదపకుండా కాసేపు ఉంచి, పైన తేరిన కట్టును గరిటెతో మెల్లగా వంచి, అందులో నాలుగు మెతుకులు మెదిపి, ఇంకాస్త నీళ్లు చేర్చి బిడ్డ నోటికి అందిస్తారు. పెట్టే చేతిలో ప్రేమకు లోటు లేదు. లేత గొంతుకు అడ్డుపడకూడదని, పసికడుపుకు తేలిగ్గా అరగాలని అంత పలుచగా చేస్తారు. బిడ్డ గిన్నెడు తాగి, కడుపు నిండి నిద్రపోతుంది. అయితే ఆ గిన్నెలో బిడ్డకు అందినది చాలామటుకు నీళ్లే. పప్పు అడుగున మిగిలిపోయి పెద్దవాళ్ల కంచాల్లోకి వెళ్లింది.

పసిపిల్లల పోషకాహార లోపం అనగానే పేదరికం, ధరలు, తల్లి రక్తహీనత, కలుషితమైన నీళ్లు గుర్తుకొస్తాయి. అవన్నీ నిజమైన కారణాలే. కానీ ఆరు నెలలు నిండినప్పటి నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉన్న పద్దెనిమిది నెలల్లో, ఇంట్లో తిండి ఉండి కూడా అది బిడ్డ ఒంటికి చేరని పరిస్థితి విస్తృతంగా ఉంది. గిన్నెలో పదార్థం ఎంత చిక్కగా ఉంది, రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారు, అందులో ఏమేమి ఉన్నాయి, పక్కన కూర్చుని తినిపించే తీరిక ఎవరికుంది అనే నాలుగు ప్రశ్నలకు జవాబు చూడకుండా ఈ సమస్యను అర్థం చేసుకోలేం.

ముందుగా మాటల చిక్కు విప్పుకోవాలి. పోషకాహార లోపం అని మనం ఒకే మాటలో చెప్పేదానికి కొలతల్లో మూడు ముఖాలున్నాయి. వయసుకు తగిన ఎత్తు లేకపోవడం మొదటిది, దీన్ని గిడసబారడం అంటున్నాం. ఎత్తుకు తగిన బరువు లేకపోవడం రెండోది, ఇది చిక్కిపోవడం. వయసుకు తగిన బరువు లేకపోవడం మూడోది, ఇందులో పై రెండూ కలగలిసి ఉండవచ్చు. చిక్కిపోయిన బిడ్డ ఎవరి కంటికైనా కనిపిస్తుంది. గిడసబారిన బిడ్డ కనిపించదు. బుగ్గలు నిండుగా ఉండి, ఆడుతూ పాడుతూ ఉన్న రెండేళ్ల పిల్లను చూసి ‘మా వంశంలో అందరూ పొట్టే’ అని సరిపెట్టుకుంటారు. నెలల తరబడి కొద్దికొద్దిగా తక్కువపడిన తిండికి, మళ్లీ మళ్లీ వచ్చిన విరేచనాలకు, జ్వరాలకు శరీరం ఎత్తును తగ్గించుకుని సర్దుకున్న ఫలితం అది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది గిడసబారారు, 19.3 శాతం మంది చిక్కిపోయారు. తెలంగాణలో ఈ అంకెలు 33.1, 21.7 శాతం. అంతకు ముందటి సర్వేలో తెలంగాణలో గిడసబారిన పిల్లలు 28 శాతమే. అంటే ఆస్పత్రి కాన్పులు, రోడ్లు, ఆదాయాలు పెరిగిన కాలంలోనే ఈ అంకె వెనక్కి నడిచింది. ఇది నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం.

ఈ పద్దెనిమిది నెలలకు అంత ప్రాముఖ్యం ఎందుకంటే, మనిషి జీవితంలో ఇంత వేగంగా ఎదిగే దశ మళ్లీ రాదు. పుట్టినప్పుడు దాదాపు 50 సెంటీమీటర్ల పొడవున్న బిడ్డ ఏడాది తిరిగేసరికి 75 సెంటీమీటర్లకు చేరాలి, పుట్టినప్పటి బరువు మూడింతలు కావాలి. మెదడు కూడా ఇదే వేగంతో పెరుగుతుంది. తల్లిపాలు ఒక్కటే సరిపోయే దశ ముగిసి, ఇంటి తిండి ఇంకా సరిగా మొదలుకాని ఈ సంధిలోనే మన పిల్లల ఎదుగుదల రేఖ కిందికి వంగుతుంది. రెండేళ్లు దాటాక ఎంత పెట్టినా బరువు పెంచవచ్చు గాని, పోయిన ఎత్తును పూర్తిగా తిరిగి తెచ్చుకోవడం కష్టం.

మొదటి ఆరు నెలల గురించి చెప్పవలసింది తక్కువ, పాటించవలసింది మాత్రం ఎక్కువ. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు. హైదరాబాద్ మే నెల ఎండల్లో ‘గొంతు ఎండిపోతుంది కదా’ అని చెంచాడు నీళ్లు పట్టే పెద్దవాళ్లు ఉన్నారు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే గనుక, దాహం వేసిన బిడ్డ ఇంకోసారి పాలు తాగితే చాలు. తేనె నాకించడం కూడా మానాలి. ఏడాదిలోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి వచ్చే అవకాశం ఉంది.

ఇక్కడ మన రాష్ట్రానికి ప్రత్యేకంగా ఒక అడ్డంకి ఉంది. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్‌వి. గంటలోపు తల్లిపాలు అందుకున్న పిల్లలు 37.1 శాతమే. ఆపరేషన్ అయిన తల్లిని ఒక గదిలో, బిడ్డను ఇంకో గదిలో ఉంచడం, ‘ఇంకా పాలు పడలేదు’ అని డబ్బా పాలు కలపడం మామూలైపోయింది. నిజానికి మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలు ఒక్కో విడతకు చెంచాడో, అంతకు కాస్త అటూఇటూనో ఉంటాయి, అప్పుడే పుట్టిన బిడ్డ కడుపుకు అవే చాలు. పాలు ధారాళంగా పడేది సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో. బిడ్డ రొమ్ము పట్టి లాగిన కొద్దీ తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి పాలు తయారవుతాయి. పోతపాలు పట్టిన ప్రతిసారీ ఆ లాగడం ఒకసారి తగ్గుతుంది, ఆ మేరకు తయారీ తగ్గుతుంది, చివరికి పాలు నిజంగానే చాలకుండా పోతాయి. పాలు చాలడం లేదన్న అనుమానమే పాలు చాలని పరిస్థితిని తెచ్చిపెడుతుంది. బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, వారం వారం బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే లెక్క. ఏడుపు ఒక్కటే దానికి కొలమానం కాదు.

పసిపిల్లల పాలపొడికి, పాలసీసాలకు ప్రచారం చేయకూడదని 1992లోనే కేంద్రం చట్టం చేసింది, 2003లో రెండేళ్లలోపు పిల్లల ఆహారాన్నీ చేర్చి దాన్ని ఇంకా కట్టుదిట్టం చేసింది. సీసా గురించి ఒక్క మాట చెప్పాలి. దాని మూతి ఇరుకు, పీక ముడతల్లో పాలు పేరుకుంటాయి, ప్రతిసారీ మరిగించి శుభ్రం చేయడం ఒంటిచేత్తో ఇల్లు నడిపే తల్లికి సాధ్యం కాదు. పాలు పిండి పట్టవలసి వస్తే చిన్న గిన్నెతో పట్టమని వైద్యులు చెబుతున్నారు. మన అమ్మమ్మల ఇళ్లలో ముక్కున్న ఉగ్గుగిన్నె చేసిన పని అదే. దాని లోపలంతా వేలితో తోమి కడగవచ్చు.

ఇక అసలు విషయం, ఆరు నెలలు నిండిన తర్వాత. మన అన్నప్రాశన ఆచారం ఈ సమయానికి దాదాపు సరిపోతుంది. ఆడపిల్లకు బేసి నెల చూడాలని ఐదో నెలలోనే చేసే ఇళ్లుంటే, ముహూర్తాన్ని కాస్త జరుపుకోవడం మేలు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ రోజు పరమాన్నం నాకించి ఫొటోలు తీసుకున్నాక, పళ్లు రాలేదనో, అరగదనో మళ్లీ రెండు మూడు నెలలు పాలమీదే ఉంచేస్తారు. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 6 నుంచి 8 నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం అందుతున్నవారు సగం కంటే తక్కువ, 45.9 శాతం. బిడ్డ మెత్తని అన్నాన్ని నమలడానికి పళ్లు అక్కరలేదు, చిగుళ్లు చాలు.

గిన్నె లెక్కకు వద్దాం. తల్లిపాలు తాగుతున్న 6-8 నెలల బిడ్డకు పైతిండి ద్వారా రోజుకు దాదాపు 200 క్యాలరీలు కావాలి. 9-11 నెలలకు అది 300, ఏడాది దాటాక 550. బిడ్డ కడుపు మాత్రం కిలో బరువుకు దాదాపు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. ఎనిమిది కిలోల బిడ్డకు ఒకసారికి 240 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసు. ఇప్పుడు పది గ్రాముల రాగిపిండిని గ్లాసెడు నీళ్లలో కాచిన జావ తీసుకోండి. అందులో 30 క్యాలరీలకు కాస్త పైన ఉంటాయి. రోజుకు కావలసిన 200 క్యాలరీలు ఆ జావతో రావాలంటే ఆరు గ్లాసులు తాగాలి, అన్ని నీళ్లు నిండాక తల్లిపాలకు కడుపులో చోటుండదు. దాని పక్కన ఇంకో గిన్నె పెట్టండి. ఇరవై గ్రాముల బియ్యం, పది గ్రాముల పెసరపప్పు మెత్తగా ఉడికించి, ఒక చిన్న చెంచా నెయ్యి వేసి మెదిపితే బియ్యం నుంచి 70, పప్పు నుంచి 35, నెయ్యి నుంచి 45, మొత్తం 150 క్యాలరీలు. ఉడికాక అది గ్లాసులో సగం కంటే కాస్త ఎక్కువ వస్తుంది. ఖర్చులో తేడా పెద్దగా లేదు. రెండు గిన్నెలూ చూడటానికి బిడ్డ తిండిలాగే ఉంటాయి, కానీ రెండోది బిడ్డను ఎదిగిస్తుంది.

చిక్కదనానికి ఇంట్లోనే చూసుకోగల గుర్తు ఒకటుంది. చెంచాతో తీసి వంచితే ముద్ద చెంచాను అంటిపెట్టుకుని ఉండాలి, ధారగా కారిపోకూడదు. ‘అంత గట్టిది మింగలేడు’ అనే భయం మొదటి వారాల్లో సహజమే. అందుకే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, బాగా మెదిపి, రోజురోజుకూ పెంచమంటారు. తొమ్మిది నెలలకు కాస్త పలుకు తగిలేలా, ఏడాదికి ఇంట్లో అందరూ తినే అన్నమే ఉప్పూకారం కలపకముందు తీసి పెట్టాలి.

మొలకెత్తిన రాగుల రహస్యం ఇక్కడే ఉంది. పిండిపదార్థాన్ని నీళ్లలో కాస్తే అది ఉబ్బి జిగురుగా గట్టిపడుతుంది, అందుకే పలుచన చేయడానికి ఇంకా నీళ్లు పోయవలసి వస్తుంది. గింజ మొలకెత్తేటప్పుడు అందులో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది. అది ఆ ఉబ్బిన పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తుంది. కాబట్టి రాగులను నానబెట్టి, మూటకట్టి, మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి పట్టించిన పిండిని ఒక చెంచా, చిక్కగా కాచిన గోరువెచ్చని జావలో కలిపితే, నీళ్లు పోయకుండానే అది జారుగా మారుతుంది. పిండి పదార్థం అంతే ఉంటుంది, మింగడం మాత్రం సులువవుతుంది. కలిపాక మళ్లీ ఒకసారి మరిగించి దించాలి. మొలకలను మాడేలా వేయిస్తే, లేదా సలసల మరిగే జావలో మొదటే వేస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఇంత తెలివైన పద్ధతి మన పల్లెల్లో ఉండి, నగరానికి వచ్చేసరికి డబ్బాల వెనక మరుగున పడటం నాకు బాధ కలిగిస్తుంది.

చిక్కదనం తర్వాతది వైవిధ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 6-23 నెలల పిల్లల ఆహారాన్ని ఎనిమిది వర్గాలుగా చూస్తుంది. తల్లిపాలు ఒక వర్గం, ధాన్యాలూ దుంపలూ ఒకటి, పప్పులూ గింజలూ ఒకటి, పాలూ పెరుగూ ఒకటి, మాంసం చేపలు ఒకటి, గుడ్లు ఒకటి, పసుపు-నారింజ రంగు పండ్లూ ముదురు ఆకుకూరలూ ఒకటి, మిగతా కూరగాయలూ పండ్లూ ఒకటి. రోజులో వీటిలో కనీసం ఐదు బిడ్డ నోటికి చేరాలి. అదే సర్వే ప్రకారం తగినన్నిసార్లు, తగినన్ని రకాలు తింటున్న పిల్లలు దేశం మొత్తం మీద దాదాపు 11 శాతమే. కలిగిన కుటుంబాల్లో కూడా ఈ అంకె తక్కువే ఉందన్నది మనం గమనించాలి. డబ్బుంటే తీరే సమస్యే అయితే వాళ్ల ఇళ్లలోనైనా తీరిపోయి ఉండేది.

ఈ లోటు మొదట బయటపడేది ఇనుములో. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల్లి కడుపులో దాచుకుని తెచ్చుకున్న ఇనుము దాదాపు ఆరు నెలలకు ఖర్చవుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. ఆ తర్వాత అది తిండి నుంచే రావాలి, చారన్నంలో, పాలన్నంలో అది ఉండదు. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 6 నెలల నుంచి 5 ఏళ్ల పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. మాంసం తినే ఇళ్లలో కార్జం మెత్తగా ఉడికించి అన్నంలో మెదపడం, ఆరు నెలలు దాటాక బాగా ఉడికిన గుడ్డు పెట్టడం, పప్పు-ఆకుకూరలో నిమ్మరసం పిండటం, ఇవి మందుల షాపుకు వెళ్లకుండా చేయగల పనులు. గుడ్డు వేడి చేస్తుందని, ఏడాది దాకా పెట్టకూడదని వాయిదా వేయడానికి ఆధారం లేదు. వీటితో పాటు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్‌ను ఒక మిల్లీలీటర్ చొప్పున వారానికి రెండుసార్లు పట్టాలి. దీనికి విరుద్ధంగా మన నగరంలో ఉదయం పూట చాలా ఇళ్లలో జరిగేది, చాయ్‌లో ముంచిన బిస్కెట్టు బిడ్డ నోట్లో పెట్టడం. తేయాకులోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. బిస్కెట్టులోని చక్కెర ఆకలిని చంపుతుంది. ఉస్మానియా బిస్కెట్టు అంటే నాకూ ఇష్టమే, కానీ ఏడాది బిడ్డకు అది అల్పాహారం కాదు.

తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర కలిపి, ఇనుము, కాల్షియం, విటమిన్లు చేర్చిన ఆ పొడి నాచారంలోని తెలంగాణ ఫుడ్స్ కర్మాగారంలో తయారవుతుంది. రోజుకు వంద గ్రాములు ఒక్క బిడ్డ తింటే అది పెద్ద ఆసరా. చాలా ఇళ్లలో ఆ ప్యాకెట్ వారం పది రోజులకే ఖాళీ అవుతుంది, ఎందుకంటే అన్నయ్యకు, అక్కకు పెట్టకుండా చిన్నవాడికి మాత్రమే పెట్టడం ఏ తల్లికీ మనసొప్పదు. దానికి తల్లిని తప్పుపట్టడం అన్యాయం. అందులో చక్కెర ఉండటం మీద కూడా పునరాలోచన అవసరమని నా ఉద్దేశం. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర ఎక్కువగా ఉన్న ఆహారం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. తార్నాకలోని మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలూ పసిపిల్లల తిండిలో చక్కెర కలపవద్దనే అంటున్నాయి.

చిక్కగా, రకరకాలుగా వండాక కూడా మిగిలేది తీరిక. ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నెలలు దాటితే మూడు నాలుగుసార్లు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి పెట్టాలి. ఒక్కో పూటకు అరగంట పట్టినా రోజుకు రెండు గంటలకు పైనే. బిడ్డ నోరు తిప్పుకుంటే ఆగి, మాట్లాడి, మళ్లీ చెంచా అందించాలి. నోట్లో కుక్కినా, చేతికి ఫోన్ ఇచ్చి తినిపించినా బిడ్డ తన ఆకలిని తాను గుర్తించడం నేర్చుకోదు. 2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఉంది, 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. భవన నిర్మాణంలో ఇటుకలు మోసే తల్లికి, నాలుగిళ్లలో అంట్లు తోమే తల్లికి ఈ రెండూ లేవు. ఆమె పొద్దున ఆరింటికి వెళ్తే, బిడ్డను చూసేది తొమ్మిదేళ్ల అక్క. అక్క చేతిలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ ఉంటుంది. ఈ తల్లికి ‘రోజుకు నాలుగుసార్లు పెట్టమ్మా’ అని సలహా చెప్పి వచ్చేస్తే మన బాధ్యత తీరదు. పనిచోట్లకు దగ్గరగా, ఆమె పనిగంటలకు సరిపడేలా రోజంతా నడిచే శిశు కేంద్రాలు నగరానికి పోషకాహార పథకాలే. ఇంట్లో ఉన్న తండ్రి చెంచా పట్టుకోవడం కూడా అంతే.

జబ్బు చేసినప్పుడు ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. ‘లంఖణం పరమౌషధం’ అనే సామెత పెద్దవాళ్లకు ఎంత పనికొస్తుందో గాని, పసిబిడ్డకు వర్తించదు. విరేచనాలు పట్టుకున్నాయని అన్నం ఆపేస్తే, రెండు వైపుల నుంచీ బిడ్డ ఒళ్లు కరుగుతుంది. తల్లిపాలు ఆపకూడదు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినిపించాలి, ఓఆర్‌ఎస్ తాగించాలి, ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ పద్నాలుగు రోజులు ఇవ్వాలి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగి వస్తుంది.

నెలకోసారి అంగన్‌వాడీలో తూకం వేసే రోజు తల్లులు కార్డులో చుక్క పెట్టించుకుని వెళ్లిపోతుంటారు. ఆ చుక్కలను కలిపే గీతను చూడాలి. బిడ్డ బరువు తక్కువగా ఉన్నా గీత పైకి పోతుంటే కొంత నిశ్చింత. బొద్దుగా ఉన్న బిడ్డ గీత రెండు నెలలు అడ్డంగా సాగితే అప్పుడు అడగవలసినవి ఉన్నాయి: నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఎన్నిసార్లు తిన్నాడు, గిన్నెలో ఏముంది, చెంచా వంచితే కారిందా నిలిచిందా, ఎవరు తినిపించారు. భుజానికీ మోచేతికీ నడిమధ్యన చేయి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గినా, పాదాలు రెండూ వాచి నొక్కితే గుంట పడినా, ఇంట్లో ఉంచుకుని చూసే సమయం అయిపోయినట్టు. అలాంటి బిడ్డను అదే రోజు పిల్లల వైద్యుడు, పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి.